కుంచె పిడి మీద మాట

తుమినీ కాల్చే తీపి రొట్టెలంటే ఇండోనేషియాలోని క్లాతెన్ బజారులో పడిచస్తారు. అయినా ఆ ఉదయం ఆమె ముఖం మాడిపోయి ఉంది. బడి క్యాంటీన్ వాళ్లు రోజూ రొట్టెలు తీసుకుంటామన్నారు, హలాల్ ముద్ర ఉంటేనే.

"ఐదు పూటలా నమాజు చేసేదాన్ని, నా రొట్టెకి కాగితమా?"

"నామీద అరుస్తావేం? కాగితం లేకుండానే ముప్పై ఏళ్లుగా తింటున్నాగా!" అన్నాడు భర్త సర్జోనో.

చిన్న వ్యాపారులకు ఆ ముద్ర ఇప్పించడంలో ఉచితంగా సాయపడే వెనింగ్ అనే అమ్మాయి పరిశీలనకు వచ్చింది. పిండి సంచి, వెన్న డబ్బా ఒక్కొక్కటే తిప్పి చూసి రాసుకుంటుంటే తుమినీ కోపం చల్లారి కుతూహలం మొదలైంది. "ఈస్టు కూడా చూడమ్మాయ్," అంటూ తానే అందించసాగింది.

"రొట్టె ఇంత నిగనిగలాడుతోంది, పైన ఏం పూస్తారు ఇబూ?" అమ్మను పిలిచినట్టే పిలిచి అడిగింది వెనింగ్.

"గుడ్డు సొన. ఇదిగో, మా అత్తగారి కుంచెతో. ఇరవై ఏళ్లయినా ఒక్క వెంట్రుక ఊడలేదు!"

వెనింగ్ కుంచెను కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. పిడి మీద వెలిసిపోయిన అక్షరాలు: 'బ్రిస్టిల్'.

"అది కంపెనీ పేరేగా?"

"అందరం అలాగే అనుకుంటాం ఇబూ. పంది వెంట్రుకల్ని అలా అంటారు."

ఒక వెంట్రుక తీసి మంటకు చూపింది. ప్లాస్టిక్‌లా కరగలేదు. జుట్టు కాలిన కమురు వాసన వచ్చింది.

తుమినీ పీట మీద కూలబడింది. "మసీదుకి పంపిన రొట్టెలూ దీంతోనే పూశానే..."

"తెలియక చేశారు. ఇప్పుడు తెలిసింది కదా," అంది వెనింగ్ మెల్లగా.

నిత్యం చేతిలో ఆడే వస్తువును మనలో ఎందరం తిప్పి చూస్తాం?

సర్జోనో పెరట్లోంచి శుభ్రమైన మట్టి తెచ్చాడు. పంది వెంట్రుక అంటిన పళ్లేలన్నీ మత నియమం ప్రకారం ఏడుసార్లు కడగాలి, అందులో ఒకసారి మట్టితో. ఐదోసారి కడిగేటప్పుడు అతను లెక్క తప్పాడు.

"మళ్లీ మొదటినుంచి!" అంది తుమినీ.

కొత్త రబ్బరు కుంచె వచ్చింది. కొన్ని వారాలకు ఊదారంగు ముద్ర, దాని వెంటే బడి బేరం వచ్చాయి. పక్క దుకాణంలో రొట్టెలు కాల్చే పైనెమ్ మూతి తిప్పింది: "నీ అంత భక్తురాలికీ కాగితం కావాల్సొచ్చిందా?"

తుమినీ నవ్వింది. "ఏదీ, నీ కుంచె ఓసారి ఇలా ఇవ్వు వదినా."

పైనెమ్ పిడి మీది అక్షరాలు కూడబలుక్కుని చదివి, గతుక్కుమంది.

"భక్తి మనదే వదినా. పిండీ, వెన్నా, కుంచే ఎవరెవరి చేతుల్లోంచో వస్తాయి. మనల్ని నమ్మి తినేవాళ్లు అడక్కముందే, మనమే అడిగి తెలుసుకోవాలి."