ఖట్టా లేని కిచిడీ

ఇప్పటికీ పొద్దున్నే ఎవరింట్లోనైనా కిచిడీ వాసన వస్తే చాలు, అనసూయమ్మ ప్రాణం బోయిగూడలోని ఆ పిట్టగోడ దగ్గరికి పోతుంది. గోడకు అవతల ఖమర్ బీ ఇల్లు. గిన్నెలు గోడ మీద నుంచే వచ్చేవి, పోయేవి. వచ్చిన గిన్నెను ఖాళీగా పంపేవారు కాదు. వచ్చింది వచ్చినట్టే తిప్పి పంపడమంటే మాత్రం ముఖాన తలుపు వేయడమే.

పోలీసు యాక్షన్ అయిన ఏడు అనసూయమ్మ సరిగ్గా ఆ పనే చేసింది.

అప్పటికే ఆమెకు ఏళ్లుగా మూత్రంలో మంట. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. వచ్చినప్పుడల్లా చింతపండు, మిరపకాయ, ఆఖరికి చాయ కూడా పడేది కాదు. పులుపు లేని తిండీ ఒక తిండేనా అని ఏడ్చేదే గానీ, ఆ బాధ సాటి ఆడదానితో చెప్పడానికీ సిగ్గే. తెలిసిందల్లా భర్త వీరయ్యకే.

నిజాం రాజ్యం పోయి, బజార్లో ఇండియా ఫౌజు తిరుగుతున్న రోజులు. భయంతో తలుపులు బిగించుకున్న ఖమర్ బీ, ఊరు కాస్త నెమ్మదించగానే మొట్టమొదట గోడ మీదుగా కిచిడీ పంపింది. పైన చింతపండు, నువ్వులతో చేసిన పుల్లటి ఖట్టా ధారాళంగా పోసింది. ఆ పొద్దున అనసూయమ్మ మంటతో కూర్చోలేక నిలబడలేక ఉంది. గిన్నె మీద మూత పెట్టి, మళ్లీ గోడ మీదే పెట్టేసింది.

మర్నాటి నుంచి అవతలి కిటికీ తెరుచుకోలేదు.

"ఖమర్ బీ పెనిమిటి జాన్ సాహెబ్ బండి మాట్లాడిండు. ఇల్లు ఖాళీ చేస్తరట," అన్నాడు వీరయ్య. "ఇన్నేండ్లు తిన్నది, ఇప్పుడు మా కూడు ముట్టదా అని ఖమర్ బీ ఒకటే ఏడుపట."

అనసూయమ్మ సిగ్గూ ఎగ్గూ పక్కనపెట్టి, వీధి గుమ్మం గుండా ఆ ఇంటికి పరుగెత్తింది.

"నాకు పడంది నీ కూడు కాదు ఆపా, పులుపు! తిన్ననంటే ఒంటికి పోయినప్పుడల్లా నిప్పులు పోసినట్టుంటది. ఎవలకు చెప్పుకోవాలె?"

ఖమర్ బీ ఆమె చెయ్యి పట్టి లోపలికి లాగింది. "పాగల్‌దానా! గింత తక్లీఫ్ నాకాడ సుత దాస్తవా? నేను ఏమేమో అనుకుంటి గదనే."

అప్పుడే దించిన కిచిడీ ఒకే పళ్లెంలో పెట్టింది. ఖట్టా లేనిదే ముద్ద దిగని మనిషి, ఖట్టా గిన్నెను దూరంగా జరిపి, చెల్లెతో పాటు చప్పగానే తిన్నది.

బయట బండివాడు పిలిచాడు.

"తింటున్నం. బండి వద్దు, ఏం వద్దు, పో!" అని ఖమర్ బీ లోపలి నుంచే కేకేసింది.