పోయినవారి పేరు చెరిపి

ఎవరో ఒకరు పోతే తప్ప తన ఇంట్లో పొయ్యి రాజదు. అలాంటప్పుడు పొద్దున్నే మోకరిల్లి, ఈనాటి తిండి ఈనాడు పెట్టు తండ్రీ అని వేడుకోవడమంటే, ఎవరినో ఒకరిని తీసుకుపొమ్మని అడగడమేనా? ఊరంతా మర్యాదగా దోన్యా అని పిలిచే ఉబాల్డినా ఈ సందేహాన్ని ఏళ్లుగా మోస్తోంది. ఒకసారి పాపసంకీర్తనంలో ఫాదరుగారి చెవిన వేసింది. "చచ్చేవాళ్లు నీ ప్రార్థన కోసం ఆగరమ్మా" అన్నాడాయన. అది జవాబో, కసురో ఆమెకు తేలలేదు.

చర్చి పక్క సందులో ఆమెది జిరాక్సు కొట్టు. కొట్టును నిలబెట్టేవి మాత్రం చావు పోస్టర్లు. ఊళ్లో ఎవరు పోయినా వారి పేరు, బంధువుల పేర్లు, చర్చిలో పూజ ఎన్నింటికో నల్ల అంచు కాగితం మీద అచ్చువేసి, చర్చి తలుపు మీద, మూలమూలన గోడల మీద, కొండపైన పాలలారీ ఆగే చోటా అంటిస్తారు. అది చూసుకునే కొండపల్లెలు కిందికి దిగుతాయి.

కంప్యూటరు, భర్త ఎలాదియో బతికుండగా కొన్నది. ఇప్పుడు ఒక అక్షరం కొడితే, తెర మీదికి రావాలా వద్దా అని అది ఆలోచించుకుంటోంది. ఖాళీ కాగితం తెరిచి మొదటినుంచి రాయాలంటే పూట గడిచిపోతుంది. అందుకని ఆమె కిందటి చావును తెరిచి, పోయినవారి పేరు చెరిపి, కొత్తగా పోయినవారి పేరు అందులో రాసేది. ఈ పనిచేసే వాళ్లందరి పద్ధతీ అదే.

"చావుకబురు చల్లగా చెప్పడమంటే ఇదే దోన్యా" అన్నాడు మెకానిక్కు వీల్మర్, డబ్బా పక్కరేకు విప్పి దుమ్ము ఊదుతూ.

"ఎకసెక్కాలు తర్వాత. ప్రాణం ఉందా, లేదా?"

"ఉంది. మెమరీ పెంచి డిస్కు మారిస్తే ఇంకో ఏడాది లాగుతుంది. కానీ లోపల బోర్డు ముసలిది. పక్షవాతం మనిషికి కొత్త చెప్పులు తొడిగినట్టే. నా మాట విని కొత్తది తీసుకోండి."

బాగుచేయిస్తే మూడు లక్షల పెసోలు. కొత్తదైతే పద్దెనిమిది లక్షలు. పద్దెనిమిది లక్షలు ఆమె దగ్గర ఉన్నాయి, కానీ అవి ఎలాదియోవి. శ్మశానం గోడలో అతన్ని పెట్టి ఇటుకలతో మూసిన గూడు అద్దెది. నెలాఖరుకు గడువు తీరుతుంది. ఆలోగా ఎముకలు తీసి, ఆ డబ్బుతో చర్చి గోడలో చిన్న అర కొని పెట్టాలి. కొనలేని వాళ్లవి పేరూ ఊరూ లేకుండా అందరి గుంటలోకి పోతాయి.

"డిస్కే వెయ్యి" అంది ఉబాల్డినా. "మా ఆయన్ని ముందు ఒక ఇంటివాణ్ని చెయ్యాలి."

డిస్కు వచ్చేది సోమవారం. శనివారం తెల్లవారకముందే కాంపో ఎలియాస్ పోయాడు. బంగాళాదుంపలు పండించుకునే మనిషి. అతని మేనకోడలు రోసాల్బా, ఏడ్చి ఉబ్బిన కళ్లతో కొట్టులోకి వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది.

"రేపు పదింటికి పూజ. మా పెద్దత్త పేరు ముందు పెట్టండి దోన్యా. లేదంటే తొమ్మిది రోజుల ప్రార్థనకు ఇటు తొంగి కూడా చూడదు."

"మీ మామ రెండో ఆవిడ?"

"చివర్న. ఉన్నట్టూ ఉండాలి, లేనట్టూ ఉండాలి."

పేర్ల వరస తప్పితే ఆ ఊళ్లో తరాల తరబడి మాటలుండవు. ఇద్దరూ తెర మీద వేలు పెట్టి పేర్లను పదే పదే చదివారు. కిందటి పోస్టరులో పూజ మూడింటికి. ఉబాల్డినా దాన్ని చెరిపి పది కొట్టింది. తెర కదల్లేదు. సందు చివర పాలలారీ హారను మోగించింది. అది వెళ్లిపోతే పోస్టరు కొండకు చేరదు. వస్తుందిలే అనుకుని ఆమె అచ్చు మీట నొక్కింది. కాగితాలు తడి ఆరకముందే లారీ ఎక్కాయి.

మర్నాడు పదింటికి చర్చిలో బెంచీలు బోసిగా ఉన్నాయి. గంట విని దగ్గరివాళ్లు కొందరు చేతిలో పని వదిలేసి వచ్చారు. కొండమీదికి గంట వినపడదు.

మధ్యాహ్నం దాటాక కాంపో ఎలియాస్ వాళ్ల అన్న వచ్చి కొట్టు ముందు నిలబడ్డాడు. ఆయన పేరు త్రాన్సితో. ఉతికిన ఉన్ని రువానా కప్పుకుని, టోపీ చేత్తో పట్టుకుని ఉన్నాడు. గోడ మీది పోస్టరు చూపించాడు.

"నాకు చదువు అంతంత మాత్రం దోన్యా. ఇదేమంకె?"

ఆమె దగ్గరికి వెళ్లి చూసింది. "మూడు."

"ఇంకా మూడు కాలేదు. గూడు కట్టేశారు. సిమెంటు తడిగానే ఉంది. వేలితో నొక్కి చూశాను."

"మిషను పాతబడిపోయింది దోన్ త్రాన్సితో. నేను పది అనే కొట్టాను."

"మిషన్ల సంగతి నాకేం తెలుసమ్మా. పొలం గట్టు దగ్గర తగువొచ్చి తమ్ముడితో ఏడేళ్లుగా మాటల్లేవు. మొహం చూసి, తప్పయిందిరా అని చెప్పి పంపుదామని వచ్చాను. ఇప్పుడు ఇటుకలకు చెప్పనా?"

అతను గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆమెకు కాస్త తేలికగా ఉండేది.

సోమవారం వీల్మర్ డిస్కు తెచ్చాడు. ఆమె డబ్బాను విప్పనివ్వలేదు.

"ఇది మిషను చేసిందా, నేను చేశానా? నిజం చెప్పు నాయనా."

"మీ వేలు ముందు పోయింది, తెర వెనకబడింది. మధ్యలో మీరు ఆగలేదు."

"కొత్తది వెనకబడదా?"

"పడదు. కానీ చదువుకోవాల్సింది అప్పుడూ మీరే."

ఆ వారమంతా పూజ అయ్యాక ఆమె చర్చిలోనే కూర్చునేది. ఎలాదియో ఎక్కడున్నాడో దేవుడికి చీటీ కట్టి చెప్పనక్కర్లేదు, మనుషులకే ఫలానా వేళ రమ్మని సరిగ్గా రాసిపెట్టాలి. అలా తనకు తాను నచ్చజెప్పుకుంది. అది విశ్వాసమో, కూటికోసం అల్లుకున్న మాటో ఆమెకు తేలలేదు. శుక్రవారం పద్దెనిమిది లక్షలూ వీల్మర్ చేతిలో పెట్టింది.

నెలాఖరున కాటికాపరి గూడు పగలగొట్టి ఎముకలు బయటికి తీశాడు. కాలు విరిగి వంకరగా అతుక్కున్న చోటు ఆమె గుర్తుపట్టింది. ఆ ఎముకను చేత్తో తుడిచి, సంచిలో మిగతావాటితో కలిపింది. అందరి గుంటలో సంచి పడ్డ చప్పుడు చిన్నదే.

కొత్త మిషను చకచకా రాస్తోంది. అయినా ఆమె ప్రతి చావుకూ ఖాళీ కాగితమే తెరుస్తోంది. వేళను ముందు పైకి చదివి, ఇంటివాళ్లచేత చదివించి, ఆ తర్వాతే మీట నొక్కుతోంది. రోసాల్బా మాత్రం మళ్లీ ఆ కొట్టు గడప తొక్కలేదు.

ఒక ఉదయం ఉబాల్డినా గుడ్డమూటతో పాలలారీ ఎక్కి కొండమీద దిగింది. త్రాన్సితో వాకిట్లో బంగాళాదుంపలు ఏరుతున్నాడు. లేవలేదు. ఆమె మూట విప్పి రెండు బెల్లం అచ్చులు బల్లమీద పెట్టింది.

"ఇవేంటి?"

"ఎలాదియో పోయిన రాత్రి జాగారానికి కాఫీలోకి బెల్లం చాలకపోతే మీవాళ్ల ఇంటినుంచి వచ్చాయి. తిరిగివ్వలేదు."

"నేను పంపలేదే. తమ్ముడు పంపుంటాడు."

"అయితే ఎవరికివ్వను? అతని తరఫున మీరే తీసుకోండి."

అతను చేతులు రువానాకు తుడుచుకుని, ఒక అచ్చును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. రెండూ లోపలికి తీసుకెళ్లి, చాలాసేపటికి బయటికొచ్చాడు.

"బెల్లం బాకీ తీరింది దోన్యా" అన్నాడు. "ఆ బాకీ మటుకే."