రేణుకమ్మ విన్నపం

మామిడిపల్లిలోని మా చర్చిలో ప్రతి ఆదివారం మైకు పట్టుకుని ప్రార్థన విన్నపం చెప్పేది రేణుకమ్మే.

"నా చెల్లె సంతోషి పెండ్లయిన క్యాబ్ డ్రైవర్‌తోని లేసిపోయింది. పాపంల కుళ్ళుతున్నది. దేవుడు దాన్ని తిరిగి తోలుకరావాలె."

మేమంతా మోకరించేవాళ్ళం. నిజం చెప్పాలంటే, కొందరం ఆ విన్నపం వినడానికే పెందలాడే వచ్చేవాళ్ళం. బయట కట్టిన లౌడ్‌స్పీకర్ పుణ్యమా అని ఊరంతా వినేది.

మొన్న ఆదివారం దేవుడు విన్నాడు. సంతోషి వచ్చింది. ఆ డ్రైవర్ తన్ని తరిమాడట. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. తల మీద కొంగు కప్పుకుని గడప దగ్గరే కూలబడింది. ఆడవాళ్ళు అంటుకుంటుందన్నట్టు దూరం జరిగారు.

మా చర్చిలో మగవాళ్ళది కుడివైపు, ఆడవాళ్ళది ఎడమవైపు. ఈ అక్కచెల్లెళ్ళ నాన్న జంగయ్య కర్ర లేనిదే లేవలేని మనిషి. ఆ రోజు కర్ర మరిచిపోయి, ఆడవాళ్ళ మధ్య నుంచి పాక్కుంటూ వెళ్ళి కూతురి తలను ఒళ్ళోకి తీసుకున్నాడు. వెక్కి వెక్కి ఏడ్చాడు.

రేణుకమ్మ ముఖం మాడిపోయింది. మైకు పాస్టరుగారి చేతిలో పెట్టి బయటికి నడిచింది. ముసలాయన గోడ పట్టుకుని లేచి ఆమె వెనకే వరండాలోకి పోయాడు. తలుపు తెరిచే ఉంది. మాకన్నీ వినబడ్డాయి.

"లోపలికి రా బిడ్డా."

"నీ పక్కబట్టలు ఉతికింది నేను. నాకోసం ఎన్నడన్న గిట్ల లేసి వచ్చినవా బాపు?"

"ఇప్పుడు నీకోసమే గదా వచ్చిన. నువ్వు గూడ నా బిడ్డవే."

"అయితే దాన్ని ఎల్లగొట్టు. అది ఆడ్నే సచ్చినా బాగుండె."

ఎంత మాట! తిరిగి రావాలని ఇన్నేళ్ళు అడిగింది ఈ మనిషేనా? జంగయ్య ఆమె చేయి పట్టుకున్నాడు. ఆమె విదిలించింది. ముసలాయన వరండాలో అందరూ విడిచిన చెప్పుల మీద పడ్డాడు. ఆమె లేపలేదు. సిగ్గులేక మేమూ కదల్లేదు.

ఎలాగో లేచి, లోపలికి వచ్చి మైకు అడిగాడు. ఎయిర్‌పోర్టు పక్క ఊరు కదా, నెత్తి మీది విమానం పోయేదాకా ఎప్పటిలాగే అందరం ఆగాం.

"నా చిన్నబిడ్డ దొరికింది" అన్నాడు. "పెద్దబిడ్డ తప్పిపోయింది. వాకిట్లనే ఉన్నది. దేవుడు దాన్ని తిరిగి తోలుకరావాలె."

ఊరంతా విన్నది. మేమంతా మోకరించాం. అందరికంటే ముందు వంగింది సంతోషి. ప్రార్థన ముగిసేసరికి, ఒక కాలికి చెప్పు తొడుక్కుని వరండాలో నిలబడ్డ రేణుకమ్మ నోటి నుంచి, ఏళ్ళ అలవాటు కొద్దీ, ఆమేన్ వచ్చేసింది.