అత్తయ్య వైపు వంగే దీపాలు

ఆ ఇంట్లో సాయంత్రం లైట్లు వేయగానే వెలుగంతా అత్తయ్య వైపు వంగుతుంది. ఆవిడ కూరగాయలు తరుగుతుంటే కత్తి మీద, బట్టలు మడతపెడుతుంటే ఒళ్ళో పడుతుంది. పుట్టినప్పటి నుంచీ అంతే. అందుకే ఎవరికైనా ముల్లు తీయించుకోవాలన్నా, సూదిలో దారం ఎక్కించాలన్నా వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంటారు. కోడలికి మాత్రం ఆ పక్కన చోటు దొరికితేగా! పెళ్ళి ఫొటోలో కూడా అత్తయ్య వెలిగిపోతోంది, పెళ్ళికూతురికి ఒక చెవి తప్ప ఏమీ కనపడదు.

ఆ కోడలు దీపాలు తయారుచేస్తుంది. బల్ల చివర మసక వెలుతురులో, కళ్ళు చికిలించుకుని, లోపల్లోపల ఒళ్ళు మండిపోతూ బొమ్మలు గీసి గీసి, చివరికి ఒక దీపం చేసింది. నిలువెత్తు సన్నని రాగి గొట్టం, దాని మీద చిన్న గొడుగు. గొట్టం తిన్నగా నిలబడుతుంది, వెలుగు మాత్రం వయ్యారంగా పక్కకి వాలి బల్ల మీద పడుతుంది. "గొట్టం వంచకుండా వెలుగు వంచేశావే!" అని మొగుడు మురిసిపోయాడు. అదంతా గొడుగు గొప్పతనమే అని ఆమె కూడా అనుకుంది. ఆ బల్ల దగ్గర రోజూ కూర్చునేది ఎవరో ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. అలవాటైపోయిన వింత అంతే మరి, కళ్ళెదుటే ఉండి కనపడదు.

ఊరవతల పెద్ద హాల్లో దేశదేశాల దీపాల ప్రదర్శన పెట్టారు. కొత్తవాళ్ళ పోటీకి ఈ దీపాన్ని తీసుకున్నారు. బయల్దేరుతుంటే బావగారు అడ్డొచ్చి, "ఎన్నాళ్ళమ్మా ఈ దీపాలు? నువ్వు పనిచేసుకునే ఆ షెడ్డు ఇస్తే నా టైర్లు పెట్టుకుంటాను కదా" అన్నాడు. ఆమెకి రోషం వచ్చింది. "ఈ పోటీలో గెలవకపోతే షెడ్డు తాళాలు మీ చేతిలో పెట్టేస్తాను బావగారూ" అనేసింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోగలమా?

అత్తయ్యని మాత్రం ఇంట్లోనే ఉండమన్నారు. పక్క స్టాళ్ళ వెలుగు కూడా లాగేసుకుంటే గొడవ కదా.

హాల్లో అడుగుపెట్టగానే కోడలికి గుండె జారింది. ఈ ఏడాది బల్బు కనిపిస్తే పరువు తక్కువేమో, అందరూ దాచేశారు. గోడ అంచున వెలుగు సన్నగా కారుతోంది. కప్పు నుంచి కాగితం మబ్బులు వేలాడుతున్నాయి. తీగ అక్కర్లేని దీపాల్ని జనం టీ కప్పుల్లా పట్టుకు తిరుగుతున్నారు. ఎదురుగా ఒక పెద్ద కంపెనీ తెల్లటి గది కట్టి, అందులో మనిషికి నీడే పడకుండా చేసింది. ఆ గదిలోంచి వచ్చినవాళ్ళు తమ కాళ్ళకేసి ఓసారి చూసుకుని కుదుటపడుతున్నారు.

పరీక్ష మాత్రం తేలికే. దీపం పక్కన కుర్చీ వేస్తారు, న్యాయనిర్ణేత అందులో కూర్చుని పుస్తకం చదువుతుంది. కోడలు కుర్చీ వేసి స్విచ్ నొక్కింది. వెలుగు తిన్నగా దిగి దీపం పాదం మీద పడింది. దీపం కింద చీకటంటారు. ఇక్కడ దీపం కిందే వెలుగు, కుర్చీలో చీకటి.

గొడుగు తిప్పింది. బల్బు మార్చింది. లాభం లేదు. అప్పుడు తట్టింది.

"ఇంట్లో బల్ల దగ్గర అత్తయ్య ఉండేవారండీ" అంది.

మొగుడు అప్పటికే ఫోన్ తీశాడు. "అమ్మా, ఉన్నపళంగా రా!"

ఆవిడ టాక్సీ దిగి హాల్లోకి రాగానే వరసలు వరసలుగా దీపాలన్నీ అటు వాలాయి. నీడ లేని గదిలో ఒక్కసారిగా అందరికీ నీడలు పడ్డాయి. కాపలాదారు పరిగెత్తుకొచ్చి, "కాస్త గబగబా నడవండమ్మా, మీరు నడిచినంత సేపూ ఈ స్టాళ్ళవాళ్ళు నన్ను తిడతారు" అని బతిమాలాడు.

అత్తయ్య వచ్చి కుర్చీ వెనక నిలబడింది. వెలుగు అందంగా వంగి కుర్చీలో కూర్చున్న కోడలి చేతుల మీద పడింది. ఆ ఇంటికొచ్చాక తన చేతుల్ని అంత వెలుగులో చూసుకోవడం ఆమెకదే మొదలు.

"హమ్మయ్య! అమ్మ ఇక్కడే నిలబడితే గెలిచేస్తాం" అన్నాడు మొగుడు.

"కొన్నవాళ్ళందరి ఇళ్ళకీ అత్తయ్యని పంపిస్తారా?"

న్యాయనిర్ణేతలు పక్క వరసలోకి వచ్చేశారు.

"అత్తయ్యా, కదలకండి" అని కోడలు సుద్దముక్క తీసుకుని, స్టాలు వెనక గోడ మీద వెలుగు వంగిన దారంతా గీసింది. దీపం ఆర్పి తీగ లాగేసింది. ఉత్త గొట్టాన్ని వంచితే నొక్కుకుపోతుంది, లోపల ఇసుక కూరాలి. మొగుడు తలుపు దగ్గర నిప్పంటుకుంటే ఆర్పడానికి పెట్టిన ఇసుక బకెట్టు ఎత్తుకొచ్చాడు. ఉన్నది ఒక్కటే గొట్టం. మోకాలికి ఆనించి కొంచెం కొంచెంగా వంచుతుంటే రాగి కిర్రుమంది. గొట్టం నిలిచింది. ఇసుక దులిపి, తీగ ఎక్కించి, సుద్దగీత మీద పెట్టి చూస్తే సరిగ్గా కూర్చుంది.

"ఇక మీరు వెళ్ళాలి అత్తయ్యా. దూరంగా."

"ఎంత దూరం?"

"ఏ దీపానికీ అందనంత."

అత్తయ్య వెళ్ళిపోయింది. దీపాలన్నీ ఆవిడ వెంట తలుపు దాకా వాలి, మళ్ళీ నిటారుగా నిలబడ్డాయి.

న్యాయనిర్ణేతల్లో పెద్దావిడ కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచింది. కోడలు స్విచ్ మీద వేలు పెట్టి కళ్ళు మూసుకుని నొక్కింది. కాగితం తిప్పిన చప్పుడు వినపడింది, కాసేపటికి ఇంకోటి. "అమ్మా, మిగతా న్యాయనిర్ణేతలు వెళ్దామంటున్నారు" అని ఎవరో అంటే, "ఉండండి, ఈ కథ అయిపోవచ్చింది" అంది పెద్దావిడ.

దీపం గెలిచింది. కోడలు అత్తయ్య కోసం పరిగెత్తింది. హాలంతా వెతికితే, ఖాళీ పెట్టెలు పడేసే కిటికీ లేని గదిలో, లైటు ఆర్పేసి, తలుపు వేసుకుని కూర్చుని ఉంది ఆవిడ. తలుపు తీయగానే వరండాలోని వెలుగంతా లోపలికి వాలింది. అత్తయ్య ముఖం భయంతో పాలిపోయి ఉంది. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ చీకట్లో కూర్చోలేదు మరి.

"గెలిచాం అత్తయ్యా!"

ఆవిడ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "చీకటంటే ఇలా ఉంటుందా అమ్మాయ్? ఇన్నాళ్ళూ ఇందులోనే కూర్చుని గీశావా?"

ఆ రాత్రి ఇంటికెళ్ళాక అత్తయ్య ఎవరికీ చెప్పకుండా తన కుర్చీ జరిపి, బల్ల చివర, కోడలి కుర్చీ వెనక వేసుకుంది.