బొట్టు పెట్టుకున్న ఫోను

నేను ఒక బటన్ ఫోన్ని. అరచేతిలో సగం ఒళ్ళు, నెత్తిన ఒక టార్చిలైటు, పొట్ట నిండా బటన్లు. నాకు కాళ్ళు లేవు గానీ కాల్స్ ఉన్నాయి. నోరు లేదు గానీ ఊరందరి మాటలూ నాలోంచే పోతాయి. ఈ నోరు లేకపోవడం సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఒకసారి దానివల్ల పన్నెండు మంది ఆడవాళ్ళ పని పోబోయింది. జరిగిందేమిటో నా ఒక్కదానికే తెలుసు. చెబుదామంటే నేను మాట మోసే జాతిదాన్నే తప్ప మాట పుట్టించే జాతిదాన్ని కాదు.

కళ్ళు తెరవగానే నేను విన్న మొదటి సంభాషణ ఒక టవలు గురించి. నరసరావుపేటలో బాజీ సెల్ కొట్టు. బాజీ నా వీపు ఊడదీసి, సిమ్ము దూర్చి, బ్యాటరీ అదిమి, ఎర్ర బటన్ నొక్కి పట్టుకున్నాడు. నేను వెలిగాను. ఆయన నా ముఖం కాసేపు చూసి, "టవర్ లేదమ్మా" అన్నాడు.

ఎదురుగా నిలబడ్డ గురవమ్మ వెంటనే తలకు చుట్టుకున్న టవలు విప్పి బల్ల మీద పెట్టింది. "తీసుకో నాయనా. ఉతికిందే."

బాజీ టవలు వంక చూశాడు, ఆమె వంక చూశాడు. "ఇది కాదమ్మా, సిగ్నలు."

"దేన్ని తుడిచినా నాకు అభ్యంతరం లేదు" అందామె.

బాజీ నన్ను కొట్టు బయటికి తీసుకెళ్ళి పైకెత్తి పట్టుకున్నాడు. నెత్తిమీద మూడు గీతలు లేచాయి. గురవమ్మ టవలు తిరిగి చుట్టుకుంటూ, టవలు ఇచ్చాకే పనిచేసిందని పక్కనున్న వాళ్ళతో చెప్పింది. ఆ నమ్మకం ఆమెకు ఇప్పటికీ ఉంది. సిగ్నల్ అందకపోతే నన్ను టవలుతో తుడుస్తుంది. అప్పుడప్పుడూ వస్తుంది కూడా, ఏం చేస్తాం.

నా పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోడానికేం లేదు. ఒక పొడవాటి రేకుల షెడ్డు, నీలం టోపీలు పెట్టుకున్న ఆడపిల్లలు, గంటకు కొన్ని వందల అక్కచెల్లెళ్ళం. ఒకమ్మాయి నాకు బటన్లు తొడిగింది. పచ్చది ఎడమకి, ఎర్రది కుడికి. ఆ రెండు రంగులు ముందు ముందు ఇంత రభస చేస్తాయని ఆ పిల్లకి తెలియదు, నాకూ తెలియదు. తర్వాత అట్టపెట్టె, లారీ, బాజీ కొట్లో అద్దాల బీరువా. పక్కనే పెద్ద ఫోన్లు వేలితో తాకితే చాలు పులకించిపోతుండేవి. నన్ను నొక్కాలి. నొక్కించుకునే బతుకు నాది.

గురవమ్మ నన్ను ఎందుకు కొన్నదో చెప్పాలి. ఆమెది పల్నాటి మిరప ఊరు. పన్నెండు మంది ఆడవాళ్ళ కోత ముఠాకి పెద్ద. ముప్పై రెండేళ్ళుగా ఆ ముఠా యలమందయ్య గారి చేలోనే మొదటి కోత కోస్తోంది. దానికొక పద్ధతుంది. కాయ పండగానే రైతు ముఠా పెద్ద గుమ్మం ముందుకొచ్చి, ఆకూ వక్కా చేతిలో పెట్టి, "రేపు మొదటి కోత, మీవాళ్ళని తీసుకురా" అని నోటితో పిలవాలి. పిలుపు లేకుండా ముఠా చేలో అడుగు పెట్టదు. పిలిచాక ఇంకొకరి చేలోకి పోదు. ఆ ఊళ్ళో దాన్ని మించిన కాగితం లేదు.

ఆ ఏడు యలమందయ్యకు మోకాళ్ళు పట్టేశాయి. "గురవమ్మా, నా వల్ల కాదు. ఒక ఫోను కొనుక్కో, దాన్లో పిలుస్తా" అని కబురు పెట్టాడు. కాలు కదలని మనిషి కాల్ చేస్తానన్నాడు. న్యాయమే కదా అని ఆమె బస్సెక్కి పేటకొచ్చింది.

బాజీ ఓపికగానే నన్ను సిద్ధం చేశాడు. టైము పెట్టాడు, గంట గట్టిగా మోగేట్టు పెంచాడు. "రాత్రంతా ఛార్జి పెట్టాలమ్మా" అంటే, "బస్సు ఛార్జి పొద్దున్నే పెట్టానుగా" అందామె. అదీ సర్దిచెప్పాడు. ఆమెకి చదువు రాదు కాబట్టి యలమందయ్య నంబరుకి కోడికూత పెట్టాడు. "కోడి కూస్తే మీ పెద్దాయన అన్నమాట."

"కూస్తే ఏం చెయ్యాలి?"

"బటన్ నొక్కి చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడాలి."

"ఇన్నున్నాయి. ఏది?"

ఇంతలో ఒకాయన పగిలిన ఫోను పట్టుకుని లోపలికొచ్చాడు. బాజీ అటు తిరుగుతూ, "రంగు చూస్తే మీకే తెలిసిపోద్దమ్మా. పచ్చ, ఎరుపు. నాలుగు రోడ్ల కూడలిలో లైటు చూశారుగా, అంతే" అన్నాడు.

ఆమె చూశానంది. ఆమె ఊళ్ళో రోడ్డుకి ఒకటే లైటు. వెలిగితే తెలుపు, వెలగకపోతే నలుపు.

రెండో రోజు పొద్దున, గురవమ్మ వాకిట్లో చాటలో బియ్యం ఏరుతుంటే, నడుముకి కట్టిన గుడ్డసంచిలో నేను కోడిలా కూశాను. గోడ మీది నిజం కోడి ఉలిక్కిపడి నాకేసి చూసింది. గురవమ్మ చేతులు తుడుచుకుని, జుట్టు సవరించుకుని, నన్ను బయటికి తీసింది. ఆమె బొటనవేలు పచ్చ బటన్ దగ్గరికి వచ్చింది. ఒక్క క్షణం ఆగింది. దేవుడి ముందు పెట్టిన పండు మీదికి పోయిన చెయ్యిలా వెనక్కి తగ్గింది. నేరుగా వెళ్ళి ఎర్ర బటన్ నొక్కింది.

నా కూత ఆగింది. ఆమె నన్ను చెవికి ఆనించుకుని, "హలో, చెప్పండి పెద్దయ్యా" అంది.

నేనేం చెప్పను. తీగ తెగిపోయింది. ఆమె చాలాసేపు వింది. "వినపడుతుందా" అంది. "బాగున్నారా" అంది. "మోకాళ్ళకి ఆముదం రాస్తున్నారా" అని కూడా అడిగింది. అన్ని ప్రశ్నలకీ నా మౌనమే జవాబు.

మూడు రోజుల్లో తొమ్మిదిసార్లు ఇదే తంతు. నేను కూయడం, ఆమె నొక్కడం, చచ్చినట్టు నేను మూగపోవడం. అవతల యలమందయ్య ఏమనుకున్నాడో తర్వాత తెలిసింది. పిలిచిన ప్రతిసారీ టక్కున కోసేస్తోంది. ముప్పై రెండేళ్ళు గుమ్మం దాకా వెళ్ళి పిలిచిన మనిషిని, మోకాళ్ళు పోయాయని లోకువ కట్టింది. ఆయన టీకొట్టు దగ్గర ఈ మాట అన్నాడు. అక్కడ మాట పడితే చాలు, పొంగుతుంది. సాయంత్రానికల్లా, గురవమ్మ ముఠా పొరుగూరి రైతుకి మాటిచ్చేసిందని తేలిపోయింది.

ఇవతల గురవమ్మ లెక్క వేరు. పెద్దమనిషి ఫోను చేస్తాడు, ఎత్తితే పలకడు. ఆమె ముఠాలో పేరమ్మకి నాలుక కాస్త పొడుగు. "వదినా, ఈ వయసులో ఆయనకి ఆడోళ్ళకి ఉత్త ఫోన్లు చేసే బుద్ధి పుట్టిందేమో" అంది.

"నోర్ముయ్యవే. ముప్పై రెండేళ్ళలో ఆయన నా ముఖం చూసి మాట్లాడింది లేదు. నా బుట్ట చూసే మాట్లాడాడు."

"మరి పలకడేం?"

"అదే నాకూ అర్థం కాట్లా. మేం అక్కర్లేకపోతే అక్కర్లేదని చెప్పొచ్చుగా. కూసి కూసి ఏడిపించడం దేనికి."

ఆ నేలలో పండేది ఒక కారమే అనుకుంటారు పైవాళ్ళు. అహంకారం అంతర పంట. దానికి ఎరువు అక్కర్లేదు. ఆమెని ఆయనకి ఫోన్ చెయ్యమని ఎవరూ అనలేదు, ఎందుకంటే పిలవాల్సింది రైతు. ఆయన్ని మనిషిని పంపమని ఎవరూ అనలేదు, ఎందుకంటే తొమ్మిదిసార్లు పిలిచాడు. నా కూత ఆగిపోవడంతో వాళ్ళ కోత ఆగిపోయింది. చేలో కాయ పండి, ముదిరి, చెట్టు మీదే ముడుచుకుపోతోంది.

నాలుగో రోజు పేరమ్మే వార్త మోసుకొచ్చింది. యలమందయ్య పడమటి ఊళ్ళ నుంచి ముఠాని పిలిపిస్తున్నాడట. మర్నాడు పొద్దున్నే ట్రాక్టర్లో దిగుతారట. వాళ్ళొస్తే ఈ కోతే కాదు, ఈ పంటకాలం మొత్తం వాళ్ళదే. అప్పటికి మిగతా రైతులందరికీ ముఠాలు కుదిరిపోయాయి. అంటే పన్నెండు మందీ ఎండాకాలం దాకా ఇళ్ళల్లో కూర్చోవాల్సిందే. ఆ పన్నెండు మందికి తోడు సంచిలో ఉన్న నేను పదమూడోదాన్ని. నాకు గుండె లేదు, బ్యాటరీ ఉంది. అది ఒక గీత తగ్గింది.

గురవమ్మ ఆ రాత్రి ఏమాలోచించిందో గానీ, తెల్లారగానే అందర్నీ వెంటేసుకుని బయల్దేరింది.

"పిలవని చేలోకి ఎట్టా పోతాం అక్కా?" అంది ఒకామె.

"చేలోకి పోము. గట్టు మీద నిలబడతాం. గట్టు అందరిదీ."

గట్టు మీద యలమందయ్య నులకమంచం వేసుకుని కూర్చున్నాడు. పక్కన ఆయన భార్య సీతారావమ్మ. ట్రాక్టర్ ఇంకా రాలేదు. టీకొట్టు జనం మాత్రం సినిమాకి వచ్చినట్టు ముందే వచ్చేశారు.

"ఏం పెద్దయ్యా, మాతో పరాచికాలా?" అంది గురవమ్మ. "ఫోను చేసి పలకరేం?"

"నేను పలకనా? తొమ్మిదిసార్లు చేస్తే తొమ్మిదిసార్లూ కోసింది ఎవరు?"

"మేం ఇంకా కోతకి దిగందే ఏం కోస్తాం?"

"ఫోను, ఫోను కోశావంటున్నా."

"నేను ఎత్తి హలో అంటూనే ఉన్నా. మీ మోకాళ్ళు కూడా అడిగా."

"నా మోకాళ్ళు నీకు బాగానే జవాబు చెప్పుంటాయిలే."

జనం నవ్వారు. గురవమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరగడం సంచి సందులోంచి నేను చూశాను. సీతారావమ్మ మంచం మీదున్న ఫోను తీసి భర్త ఒళ్ళో పెట్టింది.

"ఇద్దరూ అరుచుకోవడం దేనికి. అందరం ఇక్కడే ఉన్నాంగా. ఇప్పుడు చెయ్యండి. ఎవరు కోస్తున్నారో మేం చూస్తాం."

యలమందయ్య నొక్కాడు. నేను సంచిలో నా జన్మలో ఎప్పుడూ కూయనంత గట్టిగా కూశాను. గురవమ్మ నన్ను తీసి, అందరికీ కనపడేలా ఎత్తి, ఎర్ర బటన్ నొక్కి, చెవి దగ్గర పెట్టుకుంది. "హలో. చూశారా, ఏం వినపడదు."

"ఎర్రది ఎందుకు నొక్కావు?" అన్నాడు యలమందయ్య.

"ఎర్రది కాకపోతే ఏం నొక్కాలి?"

"పచ్చది."

గురవమ్మ ఆయన్ని చూసిన చూపు నేను మర్చిపోను. మతి పోయిందా అన్నట్టు చూసింది. "పచ్చిది ముట్టుకుంటారా పెద్దయ్యా? నేనీ ఊరికి కొత్తగా కాపరానికొచ్చినప్పుడు, వరి తప్ప వేరే పంట తెలియని దాన్ని, మీ చేలో మొదటి రోజే ఒక పచ్చికాయ తుంచాను. మీరు నా బుట్ట కింద పోయించి, ఆ ఒక్క కాయా నా చేతిలో పెట్టి సాయంత్రం దాకా మోయించారు. పచ్చది కనపడితే చెయ్యి వెనక్కి తీసుకో, ఎర్రదాని మీదే చెయ్యెయ్యి అన్నారు. ముప్పై రెండేళ్ళు అట్టాగే ఉన్నా."

ముందుగా నవ్వింది సీతారావమ్మ. "తప్పు మీదే. ఆ మాట చెప్పింది మీరు" అంది భర్తతో. ఆయన తల వంచుకున్నాడు. నేల చూపులు చూసీ చూసీ, "నిజమే, మోయించా" అన్నాడు. తర్వాత టీకొట్టు జనం వైపు తిరిగి, ఒక్కొక్కరికీ అర్థమయ్యేలా చెప్పుకొచ్చాడు: ఆమె ఎవరికీ మాటివ్వలేదనీ, తనని లోకువ చెయ్యలేదనీ, తాను నేర్పిన పాఠమే ఆమె ఫోను మీద కూడా చదివిందనీ, అంత బాగా నేర్చుకున్న మనిషిని అనుమానించింది తానేననీ. పేరమ్మ కూడా ఉత్త ఫోన్ల మాట తనే అన్నానని ఒప్పుకుని లెంపలేసుకుంది. ఆయనకది అప్పటిదాకా తెలియదు. చెప్పకపోతేనే బాగుండేది.

ట్రాక్టర్ వాళ్ళకి కబురు వెళ్ళింది. వాళ్ళకి పెద్దాయన పై ఊళ్ళో తన తమ్ముడి చేను చూపించాడు.

"సరే, ఇక దిగండి" అన్నాడు యలమందయ్య.

గురవమ్మ కదల్లేదు. "పిలుపు?"

"ఎదురుగానే ఉన్నాగా, పిలిచినట్టే."

"ఫోన్లో పిలుస్తానన్నారు. నేను బస్సెక్కి పోయి కొన్నాను."

ఆయన నిట్టూర్చి మళ్ళీ నొక్కాడు. నాలుగు మూరల దూరంలో నేను కూశాను. ఆమె బొటనవేలు పచ్చ బటన్ మీద పెట్టి, దొంగతనానికి పోయినట్టు అటూ ఇటూ చూసి, నొక్కింది. తీగ కలిసింది.

"హలో, ఎవరు మాట్లాడేది?" అంది గురవమ్మ, ఆయన ముఖంలోకి చూస్తూ.

"నేను, యలమందయ్యని. ఈ రోజు మొదటి కోత. మీవాళ్ళని తీసుకురా గురవమ్మా."

"వస్తున్నాం పెద్దయ్యా. మోకాళ్ళెట్టా ఉన్నాయి?"

"ఇప్పుడు బాగున్నాయి."

పన్నెండు మందీ టవళ్ళు బిగించి చేలోకి దిగారు. గురవమ్మ దిగేముందు నుదుటి మీది ఎర్ర బొట్టుబిళ్ళ తీసి నా పచ్చ బటన్ మీద అంటించింది. ఇక ఏ గొడవా లేదు, నాలో కూడా ముట్టుకోవాల్సింది ఎర్ర బొట్టే.

అది జరిగి తొమ్మిదేళ్ళు. ఆ ముఠా ఆడవాళ్ళందరూ ఫోన్లు కొన్నారు, అందరి ఫోన్లకీ బొట్టుంది. ఆ ఊరి ఆడవాళ్ళ ఫోన్లు బాగుచేసేటప్పుడు బాజీ బొట్టు ఊడకుండా జాగ్రత్తపడతాడు, ఎందుకో ఆయనకి మొన్నమొన్నటి దాకా తెలియదు. పోయిన నెల ఆయన నన్ను తీసుకుని పెద్ద ఫోను ఇస్తానన్నాడు. "బొట్టు పెట్టి తెచ్చుకున్నదాన్ని ఎట్టా ఇస్తా నాయనా" అని, గురవమ్మ కొట్లో ఉన్న పదిమందికీ ఈ కథంతా మొదట్నుంచీ చెప్పింది. టవలు సంగతితో సహా.

నా అయిదో అంకె అరిగిపోయింది. వీపుకి రబ్బరు బ్యాండు. అయినా ఏటా కాయ పండే రోజుల్లో నాకు నిద్ర పట్టదు. యలమందయ్య మోకాళ్ళకి ఆపరేషన్ అయింది, ఇప్పుడు హాయిగా నడుస్తాడు. ఈ ఏడు కూడా గురవమ్మ గుమ్మం దాకా నడిచొచ్చాడు. ఆకూ వక్కా ఆమె చేతిలో పెట్టాడు. నోటితో మాత్రం పిలవకుండా అరుగు మీద కూర్చుని, జేబులోంచి ఫోను తీశాడు.

నేను కూశాను. గురవమ్మ చెయ్యి తుడుచుకుని బొట్టు నొక్కింది.