మబ్బు పట్టని బొంత

వంటయ్యాక పాపాయమ్మ రోజూ బొంత తెచ్చి పెరట్లో తీగ మీద ఆరేస్తుంది. పెళ్లైన కొత్తలో పాతచీరల ముక్కలతో కుట్టుకున్న బొంత. పైనుంచి చూస్తే ఊరి చేలు ఎలా ఉంటాయో అదీ అలాగే ఉంటుంది. చేలు పండితే ముక్కలూ పండేవి. కోతలు ఎప్పుడు పెట్టుకోవాలో చూసుకోడానికి అప్పట్లో అందరూ వచ్చేవారు.

ఇప్పుడెవరూ రారు. చేలన్నీ రొయ్యల చెరువులైపోయాయి. చేను తవ్వినప్పుడల్లా ఒక ముక్క బూడిదరంగుకి తిరిగి తడిసిపోయేది. ఎంత ఎండలో వేసినా ఆ తడి ఆరదు. రొయ్యలకి వైరస్ వచ్చి వదిలేసిన చెరువుల ముక్కలైతే ఉప్పు పేరుకుని గరగరలాడతాయి. మధ్యలో అరచేతంత పచ్చముక్క ఒక్కటే మిగిలింది. అది పాపాయమ్మ అరెకరం. మొదటి ముక్క తడిసినరోజు ఏడ్చింది. తర్వాత ఏడుపు రాలేదు. వేలికి గరుకు తగిలితే నాలిక్కి రాసుకుంటుంది, ఉప్పు ఎందాకా వచ్చిందో చూడ్డానికి. అంతే.

ఒకరోజు భీమవరం ఇరిగేషన్ ఆఫీసు నుంచి జయపాల్ అనే కుర్రాడు ట్యాబ్ పట్టుకుని వచ్చాడు.

"పాపాయమ్మగారంటే మీరేనాండి? మా రికార్డులో మీ చేను చెరువని పడిందండి. చెరువులకి కాలువనీళ్లు ఇవ్వరు కదండీ. సోమవారం మీ తూము కట్టేస్తారు."

"చెరువేంటి బాబూ? చేను పొట్ట మీదుంది. నీళ్లాగితే అంతా తాలే."

"శాటిలైట్ ఫొటోలో నీళ్లే ఉన్నాయండి. జులై పద్దెనిమిదిది."

"అది దమ్ము చేసిన రోజు. నీళ్లు పెట్టకుండా ఊడ్పులెలా అవుతాయి? పోనీ వచ్చి చూడు."

జయపాల్ తల గోక్కున్నాడు. "చూసినా లాభం లేదండి. దీంట్లోకి పైనుంచి తీసిన ఫొటోయే ఎక్కుతుంది. అప్పట్నుంచీ తీసినవన్నీ మబ్బే."

"సరే," అని పాపాయమ్మ బొంత తిరగేయడానికి లేచింది.

జయపాల్ అటు చూశాడు. ట్యాబ్ పక్కన పెట్టి పోల్చాడు. కాలువ, గట్లు, శ్రీనివాసరాజుగారి ఎనిమిది చెరువులు, అన్నీ సరిపోయాయి. ఒక్క పచ్చముక్క దగ్గరే తేడా, ట్యాబ్‌లో అక్కడ నీళ్లున్నాయి.

"దీని మీద మబ్బు లేదు కదండీ," అన్నాడు.

చాప మీద బొంత పరిపించి, స్టూలెక్కి ఫొటో తీశాడు. ట్యాబ్ కాసేపు గుండ్రాలు తిప్పింది.

"ఎక్కిందండి."

"కాఫీ తాగుతావా?" అంది పాపాయమ్మ.

సోమవారం తూము కట్టలేదు. పాపాయమ్మ గట్టు మీద నిలబడి, పారే నీళ్లు చూసింది. సంతోషం వస్తుందేమోనని కాసేపు ఆగింది. రాలేదు. ఇంటికొచ్చేసింది.

మూడువారాలు పోయాక, బొంత మడతపెడుతుంటే పచ్చముక్క మధ్యలో గరుకు తగిలింది. ఇక్కడిదాకా వచ్చేసిందన్నమాట అనుకుంది. వేలితో నొక్కి, అలవాటు కొద్దీ నాలిక్కి రాసుకుంది.

తియ్యగా ఉంది. గింజ పాలు పోసుకుంటోంది.