మందు కొట్టని తోటకూర

నేను ఒక కుండీని. మట్టికుండీని కాదు, కర్రకుండీని. అంతకుముందు రైలుపట్టాల కింద స్లీపరు దుంగను. చెద పట్టకుండా నన్ను తారునూనెలో ముంచి తీశారు. ఆ విషం ఒళ్లంతా ఇంకాక చెద కాదుగదా, చీమ కూడా నా దరికి రాలేదు. అదో గొప్పగా ఉండేది నాకు. సిమెంటు స్లీపర్లు వచ్చాక పీకి వేలంలో అమ్మేశారు.

బెజవాడలో ప్రణవి అనే అమ్మాయి నన్ను కొని, కోసి, చిత్రిక పట్టి కుండీగా బిగించింది. పాత కర్ర వాడితే కొత్త చెట్టు నరకక్కర్లేదని ఆమె నమ్మకం. నా సంగతి ఆమెకు తెలుసు. అందుకే లోపల రేకుతొట్టి అమర్చి, కొనడానికొచ్చిన భాస్కరంగారికి మరీమరీ చెప్పింది.

"పూలమొక్కలే పెట్టండి సార్. తినేవి వద్దు. ఈ కర్రలో విషం ఉంది."

ఆయన తలూపారు. అప్పటికే లివరు పాడై సగమైపోయారు. పురుగుమందులు కొట్టిన కూరలే ఆయన్ని తినేస్తున్నాయని భార్య రమాదేవి పట్టుదల. బజారు కూర మానేసింది, నవ్వడమూ మానేసింది. చామంతులు చూసైనా నవ్వుతుందని నన్ను కొన్నారు పాపం.

విషం మాట ఆవిడకి చెప్పకముందే ఆసుపత్రిలో చేరారు. ఆయన అక్కడ ఉండగా ఆవిడ మేడ మీద ఆ రేకు కాస్తా పీకేసింది. మొక్క వేళ్లకు ఇనుము కంటే కర్ర చలవట! తోటకూర విత్తనాలు చల్లింది. ఆయన తిరిగొచ్చేసరికి జానెడు పెరిగింది. ఎండకి నా ఒంట్లోంచి నల్లగా కారుతుంటే కొంగుతో తుడిచి, "చూశారా, ఎంత చేవగల కర్రో! ఇక మందు కొట్టని కూరే తింటారు మీరు" అని నవ్వింది.

భాస్కరంగారు నోరు తెరిచారు, మూసేశారు. చెప్పవయ్యా మహానుభావా అని అరవాలనిపించింది నాకు. ఆవిడ కిందికి వెళ్లాక నా అంచు మీద చెయ్యేసి, "ఎలాగూ పోయేవాణ్ణే. దాని సంతోషం ఎందుకు పాడుచెయ్యాలి" అని గొణుక్కున్నారు. ఇదీ మనుషుల ప్రేమ. రోజూ తిన్నారు, బావుందన్నారు. వానలు పడకముందే పోయారు. జబ్బు వల్లో, నా వల్లో నాకు తెలీదు. నీ వల్ల కాదులే అనేవాళ్లూ లేరు.

"ఇంకాస్త ముందు మొదలెట్టుంటే బతికేవారు" అని ఆవిడ నా పక్కన కూలబడి ఏడ్చింది. నాకు నా మీదే అసహ్యమేసింది. కళ్లు తుడుచుకుని మళ్లీ విత్తనాలు చల్లింది.

నిన్న కూతురు ఉష తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. ఆయాసపడుతూ మేడెక్కింది.

"నాన్నకి ఈ కూర నచ్చేదామ్మా?"

"ఒక్కనాడూ వంక పెట్టలేదే. అడిగి మరీ వేయించుకునేవారు. నువ్వూ రోజూ తినాలి. లోపలున్న బిడ్డకి మంచిది."

ఉష వంగి, లేత ఆకులన్నీ తుంచి ఒళ్లో పోసుకుంది.